షతరంజ్‌లో ఆరామ్ ఎవరి ఇజాజత్‌తో?

"అబ్బా, థోడే దినాం షతరంజ్ నక్కో" అంది మా బేటీ.

తిరుపతిలో పోటీ ముగించుకుని బస్సులో శ్రీకాళహస్తికి తిరిగి వస్తున్నాం. రేణిగుంట దాటింది. పన్నెండేళ్ల పిల్ల, కిటికీ కడ్డీకి తల ఆనించి, నా వైపు చూడకుండా చెప్పింది. ఓడిపోయిన బాధ అనుకుందామంటే ఆ రోజు ఓడిపోలేదు. ఐదు ఆటల్లో మూడున్నర పాయింట్లు తెచ్చుకుంది. అందుకే నాకు ఇంకా గుస్సా వచ్చింది. "రెండు నెలల్లో పెద్ద పోటీ ఉంది, ఫీజు కట్టేశాను, ఇప్పుడు ఆపితే ఇన్నాళ్ల మెహనత్ మిట్టీలో కలిసిపోదా?" అన్నాను. జవాబు లేదు. ఏర్పేడు వచ్చేసరికి నిద్రపోయింది.

ఇంటికొచ్చాక వాళ్ల అమ్మీ ఒకటే మాట అంది: "ఉసే సోనే దేవ్ జీ."

నాకు గుస్సా వస్తే కితాబులు తెరిచే ఆదత్. పత్రికలో పనిచేసే వాళ్లందరికీ ఇదొక బీమారీ. ఇంట్లో జవాబు దొరకని సవాల్‌కి తారీఖ్‌లో జవాబు వెతుకుతాం. షతరంజ్ ఆడేవాళ్లు అలసిపోతే ఏం చేశారు? ఎవరు ఆపారు, ఎవరు ఆపలేకపోయారు, ఎవరిని ఎవరు ఆపనిచ్చారు? వారం రోజులు అదే పనిగా చదివాను. చదివిన దాంట్లో కొంత మీతో పంచుకుంటాను. మీ ఇళ్లలోనూ సెలవు అడగడానికి భయపడే పిల్లలు ఉంటారు. షతరంజ్ కాకపోతే నీట్ కోచింగ్, అది కాకపోతే హిఫ్జ్.

ముందు మా అబ్బాజాన్ సంగతి. మా పాత ఇంటి అరుగు మీద ఎదురింటి మాస్టారుతో షతరంజ్ ఆడేవారు. ఇద్దరికీ ఎప్పుడూ ఒక తకరార్ ఉండేది. మా అబ్బాజాన్ ఫార్సీ పద్ధతిలో రాజు పక్కన ఏటవాలుగా నడిచేదాన్ని ఫీల్ అనేవారు. ఫీల్ అంటే ఏనుగే. మాస్టారేమో దాన్ని శకటం అనేవారు. ఆయనకు ఏనుగంటే మూలన ఉండే రుఖ్. "నీ ఏనుగు పోయిందయ్యా" అని ఒకరంటే "నా ఏనుగు ఇక్కడే ఉంది కదా" అని ఇంకొకరు. తారీఖ్ ప్రకారం ఇద్దరూ తప్పు కాదు. చతురంగం ఇక్కడి నుంచి ఇరాన్ వెళ్లి చత్రంగ్ అయి, అరబ్బుల దగ్గర షతరంజ్ అయ్యే ప్రయాణంలో పేర్లు అటూ ఇటూ మారాయి.

అయితే నాకు బాగా గుర్తున్నది ఆ తకరార్ కాదు, తట్ట. అసర్ అజాన్ వినబడగానే అబ్బాజాన్ లేచేవారు. మాస్టారు ఒక వెదురు తట్ట తెచ్చి ఆట మీద బోర్లించేవారు, కోళ్లూ పిల్లలూ కదపకుండా. అబ్బాజాన్ నమాజ్ చదువుకుని వచ్చేదాకా ఆ తట్టను ఎవరూ ముట్టరు. మగ్రిబ్ వేళకు మాస్టారి ఇంట్లో దీపం పెట్టే టైం, ఆయన లేచేవారు. మళ్లీ తట్ట. ఒక్కో ఆట నాలుగు రోజులు సాగేది. ఎవరూ అలసిపోయినట్టు నాకు గుర్తులేదు.

ఆ తట్ట వెనక వెయ్యేళ్లకు పైబడిన బహస్ ఉంది. షతరంజ్ జాయెజా కాదా అని ఉలమాలు చాలా వాదించుకున్నారు. హనఫీలలో ఎక్కువమంది నాపసంద్ చేశారు. ఇమామ్ షాఫయీ మక్రూహ్ అంటూనే కొన్ని షరతులతో రాయితీ ఇచ్చారు. జూదం ఉండకూడదు, ఆటలో పడి నమాజ్ వక్త్ తప్పకూడదు. ఫత్వా చెప్పడం నా పని కాదు, ఆలిములున్నారు. నేను చూసేది వేరు. ఈ ఆట మనిషిని మింగేస్తుందనీ, దాన్ని మధ్యలో ఆపే శక్తి ఆడేవాడికి ఉండాలనీ ఆ కాలంలోనే గుర్తించారు. అది భయం లేని భయం కాదు.

ఎందుకంటే ఈ ఆటకు ఒక జాలిమ్ నియమం ఉంది. మన వంతు వచ్చిందంటే ఏదో ఒకటి కదపాల్సిందే. "ఈసారికి ఊరుకుంటాను" అనే వీల్లేదు. కదపకుండా ఉంటే బాగుండే స్థితిలో కూడా కదపాలి, కదిపి ఓడిపోవాలి. దీనికి జర్మన్లు జుగ్‌జ్వాంగ్ అని పేరు పెట్టారు. బంటుకు దయ లేదు, బాద్‌షాకూ లేదు. బోర్డు మీద ఆరామ్ అనేదే లేదు కాబట్టి బోర్డు బయట దాన్ని ఎవరైనా ఇవ్వాలి.

ఎవరిస్తారు?

బగ్దాద్‌లో అబూబకర్ అస్‌సూలీ ఉండేవారు. పదో శతాబ్దం తొలినాళ్లలో ఖలీఫా అల్ ముక్తఫీ దర్బారులో అప్పటి మేటి ఆటగాడు అల్ మావర్దీని ఓడించి పేరు తెచ్చుకున్నారు. ఆయన కూర్చిన ఒక మన్సూబా, అంటే షతరంజ్ పహేలీ, వెయ్యేళ్లు ఎవరికీ విడలేదు. 1980లలో రష్యన్ గ్రాండ్‌మాస్టర్ యూరీ అవెర్‌బఖ్ దాన్ని విప్పారు. అంతటి ఉస్తాద్ కూడా దర్బారు ఉన్నంతవరకే. 940లో ఖలీఫా అర్ రాదీ పోయాక ఆయన కొలువు పోయింది. బస్రా చేరి అక్కడే గరీబీలో కన్నుమూశారు. ఆట మొదలుపెట్టించినవాళ్లే ఆట ఆపేశారు.

ఈ కథ వెయ్యేళ్ల తర్వాత మళ్లీ జరిగింది. ఈసారి మన ముల్క్‌లోనే.

మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబ్‌లో సర్గోధా దగ్గర మిఠా టివానా ఆయన ఊరు. వాలిద్ దగ్గర దేశీ పద్ధతిలో ఆట నేర్చుకున్నారు. ఆ పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో రెండు గళ్లు దూకదు, యూరప్‌లో లాగా రాజును కోటలో పెట్టడం ఉండదు. జాగీర్దారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఆయన ప్రతిభ చూసి యూరప్ పద్ధతి నేర్పించారు. 1928లో ఢిల్లీలో ఆలిండియా పోటీ గెలిచారు. 1929లో సర్ ఉమర్ వెంట లండన్ వెళ్లి, అదే ఏడాది బ్రిటిష్ చాంపియన్ అయ్యారు! ఇంగ్లీషు కితాబులు చదవలేని మనిషి. అవతలివాళ్లు ఏళ్ల తరబడి బట్టీ పట్టిన మొదటి ఎత్తులేవీ ఆయనకు తెలియవు. ఆట మొదట్లో చిక్కుల్లో పడి, మధ్యలో బయటపడి, చివర్లో గెలిచేవారు. 1930 డిసెంబరులో హేస్టింగ్స్‌లో మాజీ ప్రపంచ చాంపియన్ కాపాబ్లాంకాను ఓడించారు. 1932, 1933లలో మళ్లీ బ్రిటిష్ చాంపియన్. మూడు ఒలింపియాడ్లలో ఇంగ్లండ్ తరఫున మొదటి బోర్డు మీద ఆడారు. సర్ ఉమర్ ఇంట్లోనే ఉండే ఫాతిమా అనే అమ్మాయి 1933లో బ్రిటిష్ మహిళల చాంపియన్ అయింది. ఆమె పేరు మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు?

ఆ చలి సుల్తాన్ ఖాన్‌కు పడలేదు. మలేరియా జ్వరాలు, గొంతు నొప్పి. మెడకు గుడ్డ చుట్టుకుని ఆడేవారట. ఆరామ్ కావాలంటే ఎవరిని అడగాలి? 1933 ఆఖరుకు సర్ ఉమర్ హిందుస్తాన్ తిరిగొచ్చేశారు, సుల్తాన్ ఖాన్ కూడా వచ్చేశారు. 1935లో ఖడిల్కర్ అనే ఆటగాడితో పది ఆటల మ్యాచ్ ఆడి, ఒక్క ఆటలో మాత్రం సగం పాయింటు వదిలి మిగతావన్నీ గెలిచారు. తర్వాత ఖామోషీ. ప్రపంచంలో అగ్రశ్రేణి ఆటగాళ్లలో ఒకడు ముప్పై దాటీ దాటకుండానే పొలం దగ్గరికి వెళ్లిపోయారు. 1966లో సర్గోధాలో ఇంతెకాల్ అయ్యారు.

పిల్లలకు ఆట నేర్పమంటే, ఇంతకంటే పనికొచ్చేది ఏదైనా చేయండి అనేవారని ఆయన కొడుకు చెప్పారు. ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆయన అలసిపోయి మానేశారా, మానేయాల్సి వచ్చిందా? ఇంగ్లీషు రచయితలు ఆయన్ని నౌకరు అని రాశారు. ఆయన పోతీ ఆ మాట తప్పని, తన దాదా సొంత భూమి ఉన్న ఇజ్జత్‌దార్ ఖాన్‌దాన్ మనిషి అని గట్టిగా వాదిస్తోంది. ఆమె మాటే నిజమైతే పొలం దగ్గరికి వెళ్లడం ఆయన ఇష్టం కూడా కావచ్చు. మనకు తెలిసిన ప్రతి ఖామోషీని మజ్బూరీ అనుకోవడమూ ఒక రకం గర్వమే. ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. ఎప్పుడో తెలుసా? 2024లో. పోయిన 58 ఏళ్లకు.

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లు ఇక్కడ ప్రేమ్‌చంద్‌ని తలుచుకుంటారు. లక్నో పోతున్నా బోర్డు వదలని ఇద్దరు నవాబుల కథ, ఉర్దూలో 'షతరంజ్ కీ బాజీ'. సత్యజిత్ రాయ్ 1977లో సినిమా తీశారు. ప్రేమ్‌చంద్ కథలో ఇద్దరూ ఒకరినొకరు చంపుకుంటారు, రాయ్ వాళ్లని బతకనిచ్చారు. ఆట ఆపలేనివాళ్లను చూసి మనం నవ్వుతాం. అయితే వాళ్లకు ఫుర్సత్ ఎక్కువై ఆపలేదు. మన పిల్లలకు ఫుర్సత్ లేక ఆపలేరు.

ఇక మాస్కో. నాకు తెలిసినంతలో థకాన్ పేరు చెప్పి ఆపేసిన ఆటల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది. 1984 సెప్టెంబరు 10న అనతోలీ కార్పోవ్‌కి, గారీ కాస్పరోవ్‌కి ప్రపంచ కిరీటం కోసం పోటీ మొదలైంది. ముందు ఎవరు ఆరు ఆటలు గెలిస్తే వాళ్లదే తాజ్. ఎన్ని ఆటలైనా సరే, డ్రాలు లెక్కలోకి రావు. తొమ్మిది ఆటలకే కార్పోవ్ 4-0. అందరూ అయిపోయిందనుకున్నారు. అప్పుడు కాస్పరోవ్ గోడలా నిలబడ్డాడు. వరుసగా 17 డ్రాలు! 27వ ఆట కార్పోవ్ గెలిచాడు, 5-0. ఇంకొక్కటి చాలు. ఆ ఒక్కటి రాలేదు. సెప్టెంబరు పోయింది, కొత్త సంవత్సరం వచ్చింది, ఫిబ్రవరి వచ్చింది. సన్నగా ఉండే కార్పోవ్ ఇంకో పది కిలోలు తగ్గిపోయాడని చెప్పుకున్నారు. 47, 48 ఆటలు వరుసగా కాస్పరోవ్ గెలిచాడు. 5-3.

1985 ఫిబ్రవరి 15న ఫిడే అధ్యక్షుడు, ఫిలిప్పీన్స్‌కు చెందిన కాంపోమానెస్ వచ్చి, ఆటగాళ్లు అలసిపోయారు కాబట్టి ఫలితం లేకుండానే మ్యాచ్ ఆపేస్తున్నానన్నారు. ఐదు నెలలు, 48 ఆటలు, 40 డ్రాలు. విజేత లేడు.

ఇందులో తమాషా ఏమిటంటే, మేం ఆడతాం అని ఇద్దరూ అన్నారు. కాస్పరోవ్‌కి మరీ మంట. 21 ఏళ్ల కుర్రాడు, అప్పుడే గెలవడం మొదలుపెట్టాడు. ఈ ఆరామ్ నా కోసం కాదు, అవతలివాడిని కాపాడటానికి అన్నది అతని ఆరోపణ. నిజమెంతో ఇప్పటికీ వాదనే. ఆ ఏడాది సెప్టెంబరులో మళ్లీ మొదటి నుంచి ఆడించారు, ఈసారి 24 ఆటలే అని హద్దు పెట్టి. నవంబరులో కాస్పరోవ్ 13-11తో గెలిచాడు. హద్దు లేని ప్రపంచ పోటీ ఆ తర్వాత జరగలేదు. అలసట ఉన్నది నిజం, దాన్ని గుర్తించిన తీరు జబర్దస్తీ. సుల్తాన్ ఖాన్‌కు ఆరామ్ ఇచ్చేవాడు లేడు. కాస్పరోవ్‌కు వద్దన్నా ఇచ్చారు. ఇద్దరినీ అడిగినవాడు లేడు.

మన తెలుగు గడ్డ మీద ఈ సవాల్‌ని నిలబెట్టినది కోనేరు హంపి. 1987లో గుడివాడలో పుట్టింది. నాన్న అశోక్ గారు కూతురికి ఆట నేర్పడానికి ఉద్యోగమే వదులుకున్నారు. 2002లో, 15 ఏళ్లు నిండిన రెండు నెలల లోపే గ్రాండ్‌మాస్టర్. ఆ వయసులో ఆ ఘనత అప్పటికి ఏ ఆడపిల్లకూ లేదు. 2016 తర్వాత ఆమె పోటీలకు రెండేళ్లు దూరంగా ఉంది. 2017లో కూతురు పుట్టింది. మన సమాజంలో ఆ మాట వినగానే అందరూ అనేది ఒకటే: "అయిపోయింది." ఆమె 2018 ఒలింపియాడ్‌తో తిరిగొచ్చి, 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ రాపిడ్ చాంపియన్ అయింది. రెండేళ్ల పిల్ల తల్లి!

పసిపిల్లను పెంచడాన్ని ఆరామ్ అంటే అమ్మీలందరూ నన్ను కొడతారు. నిజమే, అది సెలవు కాదు. కానీ బోర్డుకు మాత్రం సెలవే. ద్రోణవల్లి హారిక ఆ సెలవు కూడా వాయిదా వేసింది. 2022 చెన్నై ఒలింపియాడ్‌లో తొమ్మిదో నెల కడుపుతో ఆడి జట్టుకు కాంస్యం తెచ్చింది. మనం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఆమె హౌస్లాకి సలాం. అయితే ఆడకుండా ఇంట్లో ఉండి ఉంటే కూడా అంతే గట్టిగా కొట్టేవాళ్లమా?

2024 హంపికి బాగా లేదు. కొన్ని పోటీల్లో అడుగున నిలిచానని తానే చెప్పింది. డిసెంబరులో న్యూయార్క్ ప్రపంచ రాపిడ్‌లో మొదటి ఆటే ఓడింది. 11 ఆటల్లో 8.5 పాయింట్లతో మళ్లీ చాంపియన్. వయసు 37.

అదే నెలలో, హంపి గెలుపుకి రెండు వారాల ముందు, సింగపూర్‌లో ఇంకొక తెలుగింటి బిడ్డ చరిత్ర రాశాడు. దొమ్మరాజు గుకేశ్ చెన్నైలో పుట్టి పెరిగినా వాళ్ల పెద్దలది మన తిరుపతి జిల్లా సత్యవేడు ప్రాంతమే. ఆ రోజు రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులూ మా వాడంటే మా వాడన్నారు, మా ఊరి టీకొట్టు దగ్గర కూడా అదే పంచాయితీ. వాళ్ల నాన్న చెవి, ముక్కు, గొంతు డాక్టరు. కొడుకు వెంట పోటీలకు తిరగడానికి 2017-18లో ప్రాక్టీసు ఆపేశారు. అమ్మ సంపాదనతో ఇల్లు నడిచింది. ఇక్కడ కూడా ఒకరు ఆగితేనే ఇంకొకరు నడిచారు.

ఆ సింగపూర్ కథలో నా మనసు ఎక్కువ గుకేశ్ దగ్గర ఆగలేదు. ఎదురుగా కూర్చున్న చైనా చాంపియన్ డింగ్ లిరెన్ దగ్గర ఆగింది. 2023 ఏప్రిల్‌లో ప్రపంచ కిరీటం గెలిచాక అతను దాదాపు మాయమైపోయాడు. పోటీల నుంచి ఒకదాని తర్వాత ఒకటి తప్పుకున్నాడు. నెలల తర్వాత 2024 జనవరిలో తిరిగొచ్చి, థకాన్ గురించి, డిప్రెషన్ గురించి దాచకుండా మాట్లాడాడు. తాజ్ తల మీద ఉన్నవాడు నా దిమాగ్ అలసిపోయింది అని లోకం ముందు చెప్పడం చిన్న సంగతి కాదు. చాలామంది చులకన చేశారు, గుకేశ్ ముందు నిలవలేడన్నారు. అతను మొదటి ఆటే గెలిచాడు! 13 ఆటలు అయ్యేసరికి ఇద్దరూ సమానం. మూడు ఆటలకొక విశ్రాంతి రోజు ఉన్న మ్యాచ్ అది. మాస్కో నేర్పిన సబఖ్ ఎంతో కొంత మిగిలింది. డిసెంబరు 12న 14వ ఆట డ్రా అయ్యేలా ఉంది. 55వ ఎత్తులో డింగ్ తన రుఖ్‌ను జరపకూడని చోటికి జరిపాడు. గుకేశ్ ఒక్క క్షణం నమ్మలేకపోయాడు. 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్.

చూశారా, అందుకే సెలవులు పనికిరావు, తిరిగొచ్చినా ఓడాడు కదా అనేవాళ్లుంటారు. నేనూ మొదట అలాగే లెక్క వేశాను. కానీ ఆ సెలవు లేకపోతే అతను ఆ కుర్చీ దాకా వచ్చేవాడా? ఓడాక పశ్చాత్తాపం లేదన్నాడు. సెలవు తీసుకోవాలంటే గెలిచి చూపించాలి అనేది మనం పెట్టే షరతు. హంపి గెలిచింది కాబట్టి ఆమె సెలవు హలాల్, డింగ్ ఓడాడు కాబట్టి అతని సెలవు కమ్‌జోరీ. ఇదెక్కడి ఇన్సాఫ్?

ఇవన్నీ చదివేసి, ఇంత తెలివి సంపాదించి, నేనేం చేశానో చెప్తాను. పోటీ నిర్వాహకులకు ఫోన్ చేసి మా అమ్మాయి పేరు తీసేయమన్నాను. "ఎందుకు సార్?" అని అడిగారు. "జ్వరం" అన్నాను.

పక్కన కూర్చుని హోంవర్క్ రాసుకుంటోంది. పెన్ను ఆపి నా మొహం చూసింది.

"ఝూట్ కైకూ బోలే అబ్బా?"

రాత్రంతా నిద్ర పట్టలేదు. జ్వరమైతే లోకానికి అర్థమవుతుంది, ఆరామ్ అంటే నామోషీ. నామోషీ ఆమెకు కాదు, నాకు. పేపర్లో పిల్ల ఫోటో చూసుకోవాలనే షౌఖ్ ఎవరిదో ఆ రాత్రి ఒప్పుకోవాల్సి వచ్చింది.

పొద్దున్నే మళ్లీ ఫోన్ చేశాను. జ్వరం లేదు సార్, పాప అలసిపోయింది, కొన్నాళ్లు ఆడనంటోంది అన్నాను. అవతల మనిషి మంచివాడు. "పర్లేదు సార్. మరి మళ్లీ ఎప్పుడు ఆడుతుంది?" అన్నాడు.

ఉండండి, తననే అడిగి చెప్తాను అన్నాను. తను అప్పటికే స్కూలుకి వెళ్లిపోయింది.